ఫ్రెంచివారి కాలేయపు బిళ్ళలు

పంది మాంసమును, దాని కాలేయమును, ఆకుకూరను సన్నగా తఱిగి కలిపి, ఉప్పు మిరియములు చేర్చి, పిడికెడేసి ముద్దలు చేసి, ఒక్కొక్క ముద్దను పలుచని కొవ్వుపొరలో చుట్టి కాల్చు వంటకమొకటి ఫ్రాన్సు దేశపు పల్లెలలో తరతరములుగా కలదు. దానిని మన ఇండ్లలో, రావులపాలెము వంటి ఊరిలో దొరకు సరకులతో, ఎట్లు చేసికొనవచ్చునో నేటి ప్రసంగములో మనవి చేయుచున్నాము.

పంది అను మాట చెవిని పడగానే కొందఱు శ్రోతలు రేడియో కట్టివేయ నెంచవచ్చును. ఎవరి ఇంటి ఆచారము వారిది. వలదన్న వస్తువును తినుమని చెప్పుట మా పని కాదు. అయినను మాంసము ముట్టనివారు సైతము కొంచెముసేపు ఓపికపట్టి వినవలసినదని కోరుచున్నాము. ఏలయన ఈ ప్రసంగములోని ముఖ్యవిషయము వారి వంటింటికిని సంబంధించినదే.

ముందుగా ఈ వంటకపు ఊరు పేరు చెప్పుకొందము. ఫ్రాన్సు ఆగ్నేయభాగమున రోన్ అను మహానది దక్షిణముగా పాఱుచున్నది. ఆ నదికి పడమటి దెస ఆర్దెష్ మండలము, తూర్పు దెస ద్రోమ్ మండలము కలవు. ఈ బిళ్ళలకు పేరెన్నిక గన్న సీమలు ఈ రెండే. అచ్చట వీనిని కాయెట్టులందురు. ఇంకను దక్షిణముగా ప్రొవాన్సు సీమకు పోయినచో అవియే గాయెట్టులగును. ద్రోమ్ మండలములోని షాబుయ్ అను ఊరిలో ఈ వంటకపు మర్యాదను కాపాడుటకు ఒక సంఘమే కలదు. మనవారు ఆత్రేయపురపు పూతరేకులను గూర్చి ఎంత అభిమానముగా మాటలాడుదురో, అచ్చటివారు కాయెట్టులను గూర్చి అంత అభిమానముగా మాటలాడుదురు. కడుపులోని కొవ్వుపొరను ఫ్రెంచిభాషలో క్రెపీన్ అందురు. ఆ పొరలో చుట్టిన మాంసపు బిళ్ళలకు ఆ పేరునుబట్టియే క్రెపినెట్టులను మాట వచ్చినది. పడమటి తీరమున బోర్దో ప్రాంతమువారు క్రెపినెట్టులను వేడివేడిగా కాల్చి, చల్లని పచ్చి ఆల్చిప్పల మాంసముతో కలిపి తిందురు. ఇంగ్లండులోను వేల్సులోను ఇట్టి కాలేయపు ముద్దలనే ఫాగట్లని పిలుచుచున్నారు.

ఈ వంటకము పుట్టుకకు కారణము రుచి మాత్రమే కాదు, పొదుపు. పూర్వము ఫ్రెంచి రైతు ఏడాది పొడుగున ఒక పందిని మేపి, చలికాలమున కోయించెడివాడు. తొడలను ఉప్పులో ఊరవేసి నెలల తరబడి దాచవచ్చును. కొవ్వును కరగించి జాడీలలో పోసికొనవచ్చును. కాలేయము అట్లు కాదు. అది రెండవనాటికే చెడును. కడుపులోని కొవ్వుపొరయు నిలువయుండదు. కావున ఆ దినముననో మఱుసటి దినముననో ఈ రెంటిని వాడితీరవలెను. కాలేయము ఒక్కటే వండినచో గట్టిపడును, కొంచెము చేదును చూపును. అందుచేత దానికి కొవ్వుగల మాంసమును తోడుచేసిరి. మాంసము మితముగా నుండుటచే పెరటిలోని ఆకుకూరను కలిపి ముద్దను పెద్దది చేసిరి. కొవ్వుపొరను చుట్టి, అది కరగుచు ముద్దను తడుపునట్లు చేసిరి. పందిలో పనికిరాని భాగము లేదని ఫ్రెంచివారి సామెత. ఆ సామెతకు ఈ బిళ్ళ చక్కని ఉదాహరణము.

ఫ్రెంచివారు మనకు దూరపువారు కారు. రావులపాలెము నొరసికొని పాఱు గౌతమియే దిగువకు పోయి యానామును తాకును. 1723లో ఫ్రెంచివారు అచ్చట అడుగుపెట్టిరి. ఆ ఊరు నడుమ నడుమ ఆంగ్లేయుల చేతికి చిక్కి మరల ఫ్రెంచివారి చేతికి వచ్చుచుండెను. 1954లో అచ్చటి ఫ్రెంచిపాలన ముగిసినది. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16వ తేదీన జరిగినది. రెండువందల యేండ్లకు పైగా ఒకే నదీపాయ గట్టున మనకు ఇరుగుపొరుగుగా నున్నవారి వంటను నేడు మనము తెలిసికొనుట వింత కాదు.

ఇంకొక మాట. ఈ వంటలోని వస్తువులును మనకు క్రొత్తవి కావు. పేగులపై వలవలె పఱచుకొనియుండు ఆ కొవ్వుపొరకు సంస్కృతమున వప అని పేరు. పూర్వకాలపు పశుయాగములలో మేకనుండి ముందుగా తీసి, కఱ్ఱకు చుట్టి నిప్పుపై కాల్చి, అగ్నికి సమర్పించునది ఈ వపయే. చరకసంహితలో వరాహమాంసము బలమునిచ్చునదిగా, జీర్ణించుటకు బరువైనదిగా చెప్పబడినది. 1130 ప్రాంతమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున రాజభోజనమును వర్ణించు భాగము కలదు. అందు పందిని వేడినీటితోగాని గడ్డిమంటతోగాని రోమము తీసి వండు విధము కలదు. కాలేయమును పోకచెక్కలంతేసి ముక్కలుగా చేసి కాల్చు విధమును కలదు. రాజులు ఇష్టపడి తిన్న మాంసము తరువాత తరువాత ఊరి చివరకు పోయినది. దానిని పెంచువారును ఊరి చివరకే పోయిరి. మన జిల్లాలలో పందుల పెంపకమును కులవృత్తిగా నిలుపుకొన్నవారిలో ఎరుకలవారు ముఖ్యులు. మాంసముపై ఊరివారికి గల ఏవగింపు దానిని పెంచినవారిపైకిని ప్రాకినది.

ఈ ఏవగింపునకు పందుల వలన రోగములు వచ్చునను భయము ఒక కారణము. ఆ భయము ఉత్తది కాదు. అయితే నిజమైన అపాయము ఎచ్చట నున్నదో తెలిసికొనకున్నచో, భయపడవలసినచోట ధైర్యముగను, ధైర్యముగ నుండవలసినచోట భయముగను ఉందుము. కావున దానిని కొంచెము విప్పి చెప్పుదుము.

పందిమాంసము వలన వచ్చు బద్దెపురుగు అను క్రిమి ఒకటి కలదు. అది మనుష్యుని పేగులలో నాడావలె కొన్ని మీటర్ల పొడవు పెరుగును. దాని గ్రుడ్లు మలముతో వెలికి వచ్చును. బహిరంగముగా పడియున్న ఆ మలమును పంది తిన్నచో, గ్రుడ్లలోని పిల్లలు పంది కండలలో చేరి సగ్గుబియ్యపు గింజలవంటి తెల్లని నీటిబుడగలుగా ఏర్పడును. ఆ మాంసమును సరిగా ఉడికింపక తిన్నవాని పేగులో మరల బద్దెపురుగు పుట్టును. ఇది చక్రములో ఒక సగము. రెండవ సగము ఇంతకంటె కఠినమైనది. ఆ గ్రుడ్లు నీటిద్వారాగాని, కడుగని కూరలద్వారాగాని, కడుగని చేతులద్వారాగాని మనుష్యుని కడుపులోనికి పోయినచో, పంది కండలో ఏర్పడిన బుడగలే మనుష్యుని మెదడులో ఏర్పడును. అప్పుడు మూర్ఛలు వచ్చును. ఈ క్రిమి వ్యాపించియున్న అనేక ప్రాంతములలో మూర్ఛరోగులలో సుమారు నూటికి ముప్పదిమందికి ఇదియే కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఇందు గమనింపవలసిన విషయము ఇది. మెదడులో బుడగలు వచ్చుటకు పందిమాంసము తినియుండవలసిన పనియే లేదు. 1992లో న్యూయార్కు నగరమునుండి వైద్యులు ప్రకటించిన వృత్తాంతమొకటి కలదు. మతనియమముచే పందిమాంసము ఎన్నడును ముట్టని యూదు కుటుంబములలో నలుగురికి ఈ జబ్బు కనబడినది. విచారింపగా, ఆ ఇండ్లలో పనిచేయువారి కడుపులోని క్రిమి గ్రుడ్లు చేతులద్వారా ఆహారమునకు చేరినవని తేలినది. పాపము పనివారిది కాదు. తమ కడుపులో క్రిమి యున్నదని వారికి తెలియదు. కావున శాకాహారుల ఇంటనైనను పచ్చికూరలు కడుగుట, మరుగుదొడ్డినుండి వచ్చిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనుట తప్పని పనులు. పందికి ఈ రోగమునిచ్చువాడు మనుష్యుడే. మరుగుదొడ్డి గల ఊరిలో, కట్టివేసి శుభ్రమైన మేత పెట్టి పెంచిన పందికి ఈ బుడగలు వచ్చు దారి మూసికొనిపోవును. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయమువారు లార్జ్ వైట్ యార్క్‌షైర్ జాతిని దేశవాళి పందితో సంకరించి టి-17 అను రకమును సిద్ధముచేసి రైతులకు అందించిరి. ఇట్టి పందులను దొడ్డిలో కట్టి పెంచుటయే పద్ధతి.

కాలేయమునకు సంబంధించిన హెచ్చరిక మఱియొకటి. కామెర్లను కలిగించు హెపటైటిస్-ఇ అను సూక్ష్మజీవి కొన్ని పందుల కాలేయములలో నుండును. కోర్సికా ద్వీపమున కాలేయముతో చేయు ఫిగటెల్లు అను సాసేజి కలదు. దానిని పచ్చిగా తినుట కొందఱికి అలవాటు. అట్లు తినుటవలన ఈ జబ్బు వచ్చుచున్నదని ఫ్రెంచి వైద్యులు 2010లో ప్రకటించిరి. తరువాత జరిపిన పరీక్షలలో, కాలేయపు ముద్ద నడిబొడ్డున 71 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఇరువది నిమిషములు నిలిచినచో ఆ సూక్ష్మజీవి పూర్తిగా నశించునని తేలినది. బద్దెపురుగు బుడగలు అంతకంటె తక్కువ వేడికే చచ్చును. ఈ ఒక్క సంఖ్య గుర్తుంచుకొన్నచో వంటలోని అపాయము తీరినట్లే. మన వంటలో మాంసమును బాగుగా ఉడికించుట తొలినుండియు ఆచారము. ఈ విషయమున మన అమ్మమ్మలు ఫ్రెంచి వంటవానికి పాఠము చెప్పగలరు.

ఇంత జాగ్రత్త పడి కాలేయమును తినవలసిన అవసరమేమి యని అడుగవచ్చును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్యసర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనతతో నున్నారు. నదులు, కాలువలు, పంటలు గల మన నేలపై సగముకంటె ఎక్కువమంది ఆడువారి ముఖములు పాలిపోయి యున్నవి. నూఱు గ్రాముల పచ్చి పందికాలేయములో సుమారు 23 మిల్లీగ్రాముల ఇనుము కలదు. గొఱ్ఱె కాలేయములో అందులో సుమారు మూడవవంతు కలదు. మాంసమునుండి వచ్చు ఇనుమును మన దేహము ఆకుకూరలలోని ఇనుముకంటె సులభముగా గ్రహించును. ఖరీదైన మాంసము కొనలేని కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు.

ఇక పనిలోనికి దిగుదము. రావులపాలెము కోనసీమకు వాకిలి. అరటిగెలల బజారునకు పేరుపొందిన ఊరు. అచ్చట అరటి ఆకునకు కొదవ లేదు. ఆ ఆకుతో మనకు ముందు పని యున్నది. మాంసము మాత్రము తెల్లవాఱగనే, కోసిన గంటలలోనే తెచ్చుకొనవలెను. అమ్మువాని పందులు కట్టుబడిలో పెరిగినవో, వీధులలో తిరిగినవో అడుగుట మర్యాదకు భంగము కాదు. కండను నిలువుగా కోయించి చూడవలెను. బియ్యపుగింజలవంటివో సగ్గుబియ్యమువంటివో తెల్లని బుడగలు కనబడినచో ఆ మాంసము కొనరాదు. కాలేయమును మనవారు కార్జమందురు. అది ముదురు ఎఱుపుతో నిగనిగలాడుచు, వ్రేలితో నొక్కిన సొట్ట మరల పూడుచు నుండవలెను. పసుపుపచ్చని మరకయున్నచో పిత్తపు తిత్తి పగిలినదని గుర్తు. ఆ భాగమును కోసి పాఱవేయవలెను, లేకున్న ముద్దయంతయు చేదగును. కొవ్వుపొరను ముందుగానే చెప్పియుంచినచో కసాయివాడు చింపకుండ తీసి ఇచ్చును. అడుగనివారికి అది దొరకదు.

పది బిళ్ళలకు కొలతలు చెప్పుచున్నాము. భుజపు మాంసము 400 గ్రాములు, కొవ్వు కలిసిన పొట్టమాంసము 200 గ్రాములు, కాలేయము 250 గ్రాములు, ఆకుకూర పచ్చిది అరకిలో, పెద్ద ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రేకలు నాలుగైదు, ఉప్పు 16 గ్రాములు అనగా మూడు చిన్న చెంచాలకు కొంచెము తక్కువ, మిరియాలపొడి ఒక చిన్న చెంచా, జాజికాయ గీచిన పొడి చిటికెడు, గుప్పెడు కొత్తిమీర. ఫ్రెంచివారు పార్స్లీ ఆకు వాడుదురు. కొత్తిమీర దాని చుట్టమే.

ఆకుకూర సంగతి వినదగినది. కాయెట్టులలో వారు ముఖ్యముగా వాడునది దుంపలేని బీటుకూర. మన బజారులలో పాలకూర అను పేర అమ్మునది పెక్కుచోట్ల ఆ బీటుజాతిదే. కావున పాలకూర వాడినచో మనము అసలు వంటకు ఎంతయు దగ్గరగా నుందుము. తోటకూరయు మంచిదే. బచ్చలి జిగురుగా నుండుటచే పనికిరాదు. గోంగూర పులుపు కాలేయపు రుచిని మ్రింగివేయును; దానిని వేఱుగా పచ్చడిచేసి ప్రక్కన పెట్టుకొనవచ్చును. కూరను మూడు నీళ్ళలో కడిగి, మరుగునీటిలో రెండు మూడు నిమిషములు ఉడికించి, చల్లార్చి, నీరంతయు పోవునట్లు గట్టిగా పిండి, సన్నగా తఱుగవలెను. నీరు మిగిలినచో బిళ్ళలు విచ్చును. అరకిలో కూర పిండినపిమ్మట గుప్పెడు మాత్రమే మిగులును. చూచి నిరుత్సాహపడ నక్కఱలేదు.

ఉల్లిపాయను సన్నగా తఱిగి కొంచెము కొవ్వులో సన్నని సెగపై మెత్తబడువఱకు వేయించవలెను, ఎఱ్ఱబడనీయరాదు. మాంసమును ఖీమా చేయించుకొని వచ్చినను సరియే. ఇంట చేయువారు కత్తితో చిన్నముక్కలుగా కొట్టినచో బిళ్ళకు పలుకు వచ్చును. కాలేయము పైపొరను, నరములను తీసి విడిగా సన్నగా తఱుగవలెను. మిక్సీలో వేసినచో పిండివలె జారును. అన్నియు చల్లగా నున్నపుడు కలిపి, ముద్ద చేతికి అంటుకొనువఱకు అయిదు నిమిషములు పిసుకవలెను. కాలేయము కలిసిన ముద్ద కొంత జారుగా నుండుట సహజము. మఱీ పలుచనైనచో రెండు చెంచాల రొట్టెపొడి చేర్చవచ్చును. రుచి చూచుటకు పచ్చిముద్దను నాలుకపై పెట్టరాదు. ఉసిరికాయంత ముద్దను పెనముపై పూర్తిగా కాల్చి తిని, ఉప్పు చాలినదో లేదో చూడవలెను. పసుపు, కారము, గరంమసాలా వేయవలెనని చేతులు దురదపెట్టును. మొదటిసారి వానిని దూరముగా నుంచుడు. ఒకసారి మిరియము, జాజికాయ, ఆకుకూర, కాలేయము కలిసిన రుచి ఎట్టిదో తెలిసినపిమ్మట మీ ఇష్టము.

కొవ్వుపొరను గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టినచో మెత్తబడి విచ్చుకొనును. దానిని పీటపై పఱచి, అరచేయి వెడల్పు చతురస్రములుగా కోసి, ఒక్కొక్క ముద్దను నడుమ నుంచి నాలుగు వైపుల మడిచి, మడత క్రిందికి వచ్చునట్లు పళ్ళెములో ఒకదాని ప్రక్క ఒకటి ఒత్తుగా పేర్చవలెను. విడివిడిగా పేర్చినచో ఆరిపోవును. ఓవెను గలవారు 180 డిగ్రీల వేడిలో ముప్పాతిక గంటనుండి గంటవఱకు ఉంచవలెను. ఓవెను లేనివారు దిబ్బరొట్టె కాల్చిన రీతిని తలచుకొందురు గాక. మందమైన మూకుడులో బిళ్ళలు పేర్చి, క్రింద సన్నని సెగ యుంచి, మూతపై నిప్పులు పోసి కాల్చినచో ఓవెనునకు ఏమాత్రము తీసిపోదు.

కొవ్వుపొర దొరకనిచోట అరటి ఆకు మనకు సాయమగును. ఈ విధమును మేము రావులపాలెములో ఒక బంధువుల ఇంట చేయించి చూచితిమి. లేత ఆకును సెగపై వాడ్చి, ఈనె తీసి, నెయ్యివలె కరగిన కొవ్వును పూసి, ముద్దను పొట్లముకట్టి, అరటినారతో ముడివేసి, ఇడ్లీపాత్రలో నలుబది నిమిషములు ఆవిరిపై ఉడికించితిమి. పనసాకుల బుట్టలలో పొట్టిక్కలు వండు కోనసీమ ఇల్లాలికి ఈ పొట్లము కట్టుట ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ఆ ఇంటి పెద్దామె మేము చూపకముందే నారముడి వేసి, ఇంతసేపు ఈ మాటకేనా వివరము చెప్పినారని నవ్వినది. ఆవిరిపై దిగిన బిళ్ళలను పెనముపై రెండు వైపుల ఎఱ్ఱగా కాల్చినచో పైన కరకర, లోన మెత్తదనము వచ్చును. ఆకు వాడునపుడు పొట్టమాంసము 50 గ్రాములు పెంచవలెను. పొరనుండి రావలసిన కొవ్వు లోపలనే యుండవలెను గదా.

ఏ విధమున వండినను, ఉడికినదనుటకు రంగు సాక్ష్యము చాలదు. మాంసపు వేడిని కొలుచు సూది చవుకగనే దొరకుచున్నది. బిళ్ళ నడుమ గ్రుచ్చినపుడు 75 డిగ్రీలకు పైగా చూపి, అటుపై ఇరువది నిమిషములు సెగపై నుండవలెను. సూది లేనివారు చెప్పిన కాలమునకు ఒక్క నిమిషమును తగ్గింపరాదు. బిళ్ళను చీల్చినచో లోన ఎఱుపు కనబడరాదు, కారు రసము తేటగా నుండవలెను. పచ్చిమాంసము తఱిగిన పీటను, కత్తిని, చేతులను సబ్బుతో కడిగిన తరువాతనే మఱొక వస్తువును తాకవలెను.

ఈ బిళ్ళలను వేడిగా తినవచ్చును, చల్లగాను తినవచ్చును. ఫ్రెంచివారు మఱునాడు చల్లని బిళ్ళను పలుచగా కోసి పచ్చి ఆకులతో తినుట ఎక్కువ ఇష్టము. మన వేడిప్రదేశమున వండిన బిళ్ళను రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టి, మూడు దినములలో ముగించవలెను. ఫ్రిజ్ లేని ఇంట ఆ పూటకు సరిపడునంతయే చేసికొనుట ఉత్తమము. వేడి అన్నములో ముద్దపప్పు, ప్రక్కన బిళ్ళ, కొంచెము ఆవకాయ అను పొందిక ఫ్రాన్సులో ఎవరును ఎఱుగరు గాని, మా నాలుకకు బాగుగనే యున్నది.

పైకొలతలో ఒక్కొక్క బిళ్ళకు కాలేయము 25 గ్రాములు, ఇనుము ఆరు మిల్లీగ్రాముల వఱకు వచ్చును. వారమునకు ఒకటి రెండుసార్లు చాలును. గర్భిణులు మాత్రము వీనిని తినరాదు. కాలేయములో ఎ-విటమిను మిక్కిలి హెచ్చుగా నుండుటచే గర్భస్థశిశువునకు హాని కలుగవచ్చును. వారికి వైద్యులిచ్చు ఇనుపమాత్రలే సరియైన మార్గము. కీళ్ళలో యూరిక్ ఆమ్లపు నొప్పి గలవారును మానుట మంచిది. పంది వలదనువారు మేకమాంసముతో, మేక కార్జముతో, మేక కొవ్వుపొరతో ఇదే కొలతను పాటింపవచ్చును. రుచి వేఱు, పద్ధతి ఒక్కటే.

ఒక ముద్దలో ఫ్రెంచి రైతు మాంసమును, ఆకుకూరను ఒకచోట చేర్చినాడు. ఆ రెంటిని మనము ఒకే శ్రద్ధతో చూడవలెను. మాంసమునకు పూర్తి వేడి, కూరకు శుభ్రమైన నీరు, రెంటిని తాకు చేతికి సబ్బు అవసరము. ఈ మూడును ఉన్న ఇంట పందిమాంసమును అపాయము కాదు; ఈ మూడును లేని ఇంట తోటకూరయు అపాయమే. ఊరి చివర పందులు పెంచి బ్రదుకువారికి మంచి దొడ్డి, మంచి మేత, మంచి ధర లభించినచో, వారి పిల్లలకును మన పిల్లలకును మేలు. వచ్చు ఆదివారము బజారునకు పోవువారు కసాయివానితో శనివారమే చెప్పియుంచుడు: కార్జము తాజాగా కావలెను, కొవ్వుపొర చింపరాదు.